చెరువు పక్షుల పరిశీలన – నాలుగవ పాఠం: పొడుగుకాళ్ల స్టిల్ట్

గడచిన మూడు పాఠాలలో బైనాక్యులర్‌ను కంటికి సరిచేసుకోవడం, ఎండకు వెన్ను పెట్టి నిలబడడం, తెల్లకొంగ, గుడ్డికొంగ, నారాయణపక్షి అనే మూడింటిని వేరుగా గుర్తుపట్టడం అభ్యాసం చేశాము. ఈ పాఠంలో ఒకే పక్షి దగ్గర ఆగి, అది ఏమి చేస్తున్నదో, ఆ పని దాని శరీర నిర్మాణానికి ఎలా తగి ఉన్నదో నమోదు చేయడం నేర్చుకుంటాము. పేరు తెలియగానే తరువాతి పిట్ట వైపు తిరిగే అలవాటు ఈ విద్యకు పెద్ద ఆటంకమని నా అభిప్రాయం.

ఇందుకు ఎంచుకున్నది బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్ అనే పక్షి. ఇది మన ప్రాంతంలో ఏడాది పొడవునా ఉంటుంది, దాక్కోకుండా బయటనే మేస్తుంది, మురుగునీటి గుంటను కూడా కాదనదు. కనుక కొత్తగా నేర్చుకునేవారికి దీనికంటే అనువైన పక్షి దొరకడం కష్టం. తిరుపతి, చిత్తూరు జిల్లాల చెరువులు ప్రధానంగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనాల వానలకు నిండి, సంక్రాంతి దాటిన తరువాత క్రమంగా వెనక్కి తగ్గుతాయి. అలా తగ్గే నీటి అంచునే ఈ పక్షి వెతుక్కుంటుంది. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు వంటి పెద్ద చెరువుకు వెళ్లినప్పుడు కట్ట మీద, తూము దగ్గర నిలబడి చూస్తే కనిపించేది లోతు నీరే. కట్టకు ఎదురువైపు చుట్టి వెళ్లి, నీరు పలుచబడి బురదలో కలిసే మేర ఎక్కడ ఉన్నదో ముందుగా కనిపెట్టాలి. నాట్లకు దమ్ము చేసిన మడులలో కూడా ఇది దిగుతుంది.

గుర్తింపు విషయంలో ఎక్కువ కష్టం లేదు. తెల్లని శరీరం, నల్లని రెక్కలు, సూదిలా సన్నగా నిటారుగా ఉండే నల్లని ముక్కు, గులాబీ ఎరుపు కాళ్లు. ఎగిరినప్పుడు ఆ కాళ్లు తోకను దాటి చాలా దూరం వెనుకకు సాగి ఉంటాయి. శీతాకాలంలో వలస వచ్చే రెడ్‌షాంక్‌కు కూడా ఎర్రని కాళ్లే ఉంటాయి గాని, అవి ఇంత పొడవైనవి కావు, దాని ఒళ్లు గోధుమరంగులో ఉంటుంది. మగ, ఆడ తేడాను తల మీది నలుపును బట్టి నిర్ణయించకూడదు; ఆ నలుపు ఒక్కొక్క పక్షిలో ఒక్కొక్క విధంగా ఉంటుంది, కొన్నింటిలో అసలే ఉండదు. వీపును చూడాలి. మగదాని వీపు నిగనిగలాడే నలుపు, ఆడదానిది గోధుమ ఛాయ కలిసిన నలుపు. ఈ తేడా ఎదురెండలో తెలియదు, అందుకే ఎండకు వెన్ను పెట్టి నిలబడమని రెండవ పాఠంలో అంతగా చెప్పవలసి వచ్చింది.

ఇక కాళ్లు. ఈ పాఠానికి అసలు విషయం ఇదే. పక్షి మొత్తం పొడవు ముక్కు నుండి తోక వరకు సుమారు 35 సెంటీమీటర్లు కాగా, కాళ్లు 17 నుండి 24 సెంటీమీటర్ల వరకు ఉంటాయి. శరీరంతో పోల్చి చూస్తే ఇంతకంటే పొడవైన కాళ్లు ఉన్నవి ఫ్లెమింగోలేనని చెబుతారు. కాలి మధ్యలో వెనుకకు మడిచే కీలును చాలామంది మోకాలు అనుకుంటారు. నిజానికి అది మడమ కీలు. మోకాలు పొట్ట ఈకల లోపల దాగి ఉంటుంది. పాదానికి ముందువైపు మూడు వేళ్లే ఉంటాయి, వెనుక వేలు ఉండదు. కొమ్మను పట్టుకోవలసిన అవసరం లేని పక్షికి దానితో పని లేదు.

ఆ మడమ కీలును కొలబద్దగా వాడుకోవడం ఈ పాఠంలో మీరు నేర్చుకోవలసిన మొదటి నైపుణ్యం. నీరు కీలును తాకుతున్నదంటే అక్కడి లోతు సుమారు 11 లేక 12 సెంటీమీటర్లు. పొట్టను తాకుతున్నదంటే దాదాపు దానికి రెట్టింపు. ఈ ఒక్క గుర్తుతో నీటిలోకి దిగకుండానే చెరువు అంచున లోతు ఎక్కడెక్కడ ఎంత ఉన్నదో మీ పుస్తకంలో బొమ్మ గీసుకోవచ్చు, ఏ లోతులో ఏ పక్షి మేస్తున్నదో ఆ బొమ్మ మీదనే గుర్తించవచ్చు. పొట్టికాళ్ల ఉల్లంకి పిట్టలు తడి బురద మీద ఆగిపోతాయి, స్టిల్ట్ వాటిని దాటి నీటిలోకి నడుస్తుంది. ఈ పంపకాన్ని ఇంకా పెద్ద ఎత్తున చూడాలంటే చలికాలంలో సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పులికాట్ సరస్సు మీదుగా వెళ్లే రోడ్డు మీద ఆగితే చాలు. ఫ్లెమింగోలు స్టిల్ట్‌లకు అందని లోతులో నిలబడి, తల కిందులుగా ముంచి నీటిని ముక్కుతో వడగట్టుకుంటూ ఉంటాయి. ఒకే నీటిలో ఇన్ని రకాల పక్షులు పెద్దగా తగవు లేకుండా బతకడానికి కాళ్ల పొడవులోని ఈ తేడా ఒక ముఖ్య కారణం.

మేతను గమనించేటప్పుడు గడియారం చేతిలో ఉండాలి. స్టిల్ట్ ప్రధానంగా కంటితో చూసి పట్టే పక్షి. నీటి మీద, నీటి లోపల కదిలే పురుగులను, వాటి లార్వాలను, చిన్న నత్తలను ముక్కు కొనతో ఏరుకుంటుంది. లోతు ఎక్కువైన చోట తలను, మెడను పూర్తిగా ముంచుతుంది. పొడినేల మీద మాత్రం అంత పొడవైన కాళ్లు దానికే అడ్డం వస్తాయి, ముక్కు నేలకు అందడానికి కాళ్లు వంచి, ఒళ్లంతా ముందుకు వాల్చవలసి వస్తుంది. ఒక పక్షిని ఎంచుకొని, ఒక నిమిషంలో ఎన్నిసార్లు పొడిచిందో, అందులో ఎన్నిసార్లు గుటక వేసిందో లెక్కించండి. ఉదయం లెక్క, మిట్టమధ్యాహ్నం లెక్క వేరువేరుగా రాయండి. ఇది రాత్రి కూడా మేస్తుంది కనుక, పగలు ఒంటికాలి మీద నిలబడి కునికే పక్షిని చూసి జబ్బు చేసిందని రాయవద్దు.

ఏప్రిల్ నుండి ఆగస్టు వరకు గూళ్ల కాలం. జత కలిసిన తరువాత మగది ఒక రెక్కను ఆడదాని వీపు మీద వేసి, రెండూ ముక్కులు ఒకదానికొకటి అడ్డంగా ఆనించి కొన్ని అడుగులు పక్కపక్కనే నడుస్తాయి. క్షణాలలో ముగిసే ఈ నడకను చూడగలిగితే మీ ఓపిక ఫలించినట్టే. గూడు అంటే నీటి అంచున నేల మీద ఒక చిన్న గుంట, చుట్టూ కొంత గడ్డి, గులకరాళ్లు. సాధారణంగా నాలుగు గుడ్లు. తల్లి, తండ్రి ఇద్దరూ వంతులవారీగా 22 నుండి 25 రోజులు పొదుగుతారు. మన దగ్గర మే నెల ఎండకు ఆరుబయట ఉన్న గుడ్డు ఉడికిపోకుండా ఉండాలి కనుక, ఆ రోజుల్లో పొదగడమంటే వేడి ఇవ్వడం కంటే నీడ పట్టడమే ఎక్కువ. పక్షి నీటిలో పొట్ట ఈకలను తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. అందువల్ల మిట్టమధ్యాహ్నం దానిని గూటి నుండి లేపిన మనిషి, తాను గుడ్డును తాకకపోయినా దానిని చంపినవాడే కావచ్చు.

కాబట్టి రెండవ నైపుణ్యం, వెనుకడుగు ఎప్పుడు వేయాలో తెలుసుకోవడం. మేస్తున్న పక్షి తల పైకెత్తి కదలకుండా నిలబడితే మీరు దాని కంటబడ్డారు. కిక్ కిక్ కిక్ అని ఆగకుండా అరుస్తూ మీ తల మీదుగా తిరుగుతుంటే గూడు దగ్గరలో ఉన్నది. రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ పోతున్నా, గుడ్లు లేని చోట పొదుగుతున్నట్టు కూర్చున్నా, అది మిమ్మల్ని పక్కకు మళ్లించే ప్రయత్నం. అప్పుడు వచ్చిన దారినే అడుగులు చూసుకుంటూ వెనుదిరగాలి, ఎందుకంటే పిల్లలు గుడ్డు నుండి వచ్చిన కొన్ని గంటలకే గూడు వదిలి, బురద రంగులో కలిసిపోయి మీ కాళ్ల దగ్గరే నక్కి ఉండవచ్చు. తల్లిదండ్రులు వాటికి నోటికి మేత అందించవు, కాపలా మాత్రమే కాస్తాయి. మిమ్మల్ని మళ్లించడంలో పడిన తల్లిదండ్రులు తిరిగి వచ్చేలోగా ఆ పిల్లలను కాకి తన్నుకుపోవచ్చు. ఫొటో కోసం ఇంకొక్క అడుగు ముందుకు వేసేవారితో కలిసి చెరువుకు వెళ్లకపోవడమే మేలు.

ఈ పాఠానికి అభ్యాసం: మీ ఊరి చెరువులో ఒకే చోటును ఎంచుకొని, వారానికి ఒకసారి అదే వేళకు వెళ్లండి. తేదీ, సమయం, ఎన్ని స్టిల్ట్‌లు, ఒక్కొక్కటి ఎంత లోతులో నిలబడినది (కీలు కింద, కీలు దగ్గర, పొట్ట దగ్గర), నిమిషానికి ఎన్ని పోట్లు అనే వరుసలతో ఒక పట్టిక వేసుకోండి. నీరు తగ్గేకొద్దీ పక్షులు ఏ వైపుకు జరుగుతున్నాయో నాలుగు వారాల పట్టికలను పక్కపక్కన పెట్టి చూడండి. 1987 నుండి ప్రతి జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో పాల్గొనదలచినవారికి ఈ లెక్కింపు అలవాటు నేరుగా పనికి వస్తుంది. అయిదవ పాఠంలో నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూళ్లు కట్టే నత్తగుళ్ల కొంగను తీసుకుంటాము. దాని పై ముక్కుకు, కింది ముక్కుకు మధ్య ఉండే సందు వల్ల ఉపయోగం ఏమిటో అంతలోపు ఊహించి, ఆ ఊహను పట్టిక వెనుక పేజీలో రాసి ఉంచండి.