పట్టేసిన పాత ఇంజన్‌ని లాగి స్టార్ట్ చేయకండి

ఏళ్ల తరబడి చెట్టుకింద పడున్న మాస్సీ 1035 లాంటి ట్రాక్టర్ కొన్నారా? గేర్‌లో వేసి ఇంకో ట్రాక్టర్‌తో లాగించొద్దు. తుప్పుకి పిస్టన్ తన చుట్టూ ఉండే లైనర్‌కి (సిలిండర్ గొట్టానికి) అతుక్కుని ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వాల్వు గైడ్‌లో బిగుసుకుని ఉంటే దాన్ని నెట్టే పుష్ రాడ్ పోతుంది.

ముందు ఇంజెక్టర్లు ఊడదీయండి. ఏటీఎఫ్ ఆయిల్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసేది), అసిటోన్ సమపాళ్లలో కలిపి ఒక్కో సిలిండర్‌లో 100 మి.లీ. పోసి, రంధ్రాలకి గుడ్డ కుక్కి వారం వదిలేయండి. అసిటోన్ ఊరికే అంటుకుంటుంది, దగ్గర్లో బీడీ కూడా వద్దు. తర్వాత క్రాంక్ పుల్లీ నట్‌కి పొడుగు స్పానర్ వేసి ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా కదపండి. వెంట్రుకవాసి కదిలినా చాలు, మిగతాది ఓపిక పని. కదలకపోతే మళ్లీ పోయండి, స్పానర్‌కి పైపు తొడిగి బలం చూపించొద్దు.

తిరిగాక టాపెట్ కవర్ (వాల్వుల పైనుండే మూత) తీసి అన్ని వాల్వులూ లేచి దిగుతున్నాయో చూడండి. ఇంజెక్టర్లు బిగించకముందే సెల్ఫ్ కొట్టి లోపలి ద్రవమంతా బయటికి చిమ్మించాలి. అది మిగిలితే పిస్టన్ పైకి రాలేక రాడ్ వంగేది అప్పుడే. కొంత కిందనున్న ఇంజన్ ఆయిల్ ఛాంబర్‌లోకీ కారుతుంది కాబట్టి ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ మార్చాకే స్టార్ట్ చేయండి.