రిటర్న్ టు హోమ్ నొక్కినా డ్రోన్ సరిగ్గా రాకపోతే

రిటర్న్ పనిచేయలేదంటూ నా దగ్గరికి రిపేరుకు తెచ్చే డ్రోన్లలో చాలావాటికి యంత్రంలో లోపమేమీ ఉండదు. రిటర్న్ టు హోమ్, అంటే డ్రోన్ తనంతట తనే తిరిగొచ్చే ఏర్పాటు, మనమంతా ఆర్‌టీహెచ్ అనేది, సెట్టింగుల్లో ఉన్నదాన్ని ఉన్నట్టే చేసి ఉంటుంది. ఆ సెట్టింగుల్లో ఏముందో ఎగరేసినవాళ్లు చూసుకుని ఉండరు. ఎగరేయడం, దించడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. అంకెలు డీజేఐ మినీ 2వి, నా చేతికి ఎక్కువగా వచ్చేవి ఆ తరగతివే కాబట్టి. వేరే మోడళ్లలో అంకెలు మారతాయి, పద్ధతి మాత్రం దాదాపు ఇదే.

వచ్చింది, కానీ పక్కింటి డాబా మీద దిగింది

హోమ్ పాయింట్, అంటే తిరిగి రావాల్సిన చోటని డ్రోన్ రాసుకున్నది, తప్పుగా పడింది. వేరే కారణం వెతకకండి.

వనస్థలిపురం లాంటి చోట రెండు అపార్ట్‌మెంట్ల మధ్య గల్లీలో నిలబడితే పైన ఆకాశం ఒక పట్టీలా కనిపిస్తుంది. అక్కడ ఉపగ్రహాలు సరిపడా అందవు. పెళ్లి ఊరేగింపు కదిలిపోతోందని తొందరపడి లేపేస్తారు. డ్రోన్ ముప్పై నలభై మీటర్లు ఎక్కి, కాస్త పక్కకు జరిగాక జీపీఎస్ అందుతుంది. అప్పుడు తను ఎక్కడుందో దాన్నే హోమ్ అని రాసుకుంటుంది. తర్వాత మీరు రిటర్న్ నొక్కితే అక్కడికే వెళ్లి దిగుతుంది.

లేపే ముందు, హోమ్ పాయింట్ నమోదైందని యాప్ చెప్పేదాకా ఆగండి. చెప్పాక మ్యాప్ తెరిచి, గుర్తు మీరు నిలబడ్డ చోటే ఉందో లేదో కళ్లతో చూడండి. ఇంత చిన్న పని ఎన్నిసార్లు చెప్పినా వదిలేస్తున్నారు, విరిగిన రెక్కలతో మళ్లీ వస్తున్నారు. ఊరేగింపు వెంట మీరూ నడుచుకుంటూ పోతే హోమ్ పాయింట్ మీతో రాదు, టేకాఫ్ చేసిన చోటే ఉండిపోతుంది. సెట్టింగుల్లో దాన్ని మీరున్న చోటుకు మార్చుకోవాలి. రెండు మూడు మీటర్ల తేడాతో దిగితే మాత్రం కంగారు పడకండి, జీపీఎస్ అన్నాక ఆమాత్రం ఉంటుంది.

వస్తూ వస్తూ గోడకో చెట్టుకో తగిలింది

మినీ 2లో ఆర్‌టీహెచ్ దారి వెతుక్కోదు. పెట్టిన ఎత్తుకు ఎక్కి, హోమ్ వైపు గీత గీసినట్టు నేరుగా వస్తుంది. అడ్డాన్ని పసిగట్టే సెన్సార్లు దీనికి ముందువైపు లేవు. సెన్సార్లున్న మోడళ్లలోనూ చాలావి రాత్రిపూట సరిగా చూడలేవు, సన్నటి కరెంటు తీగలను పట్టపగలైనా నమ్మకంగా పట్టుకోలేవు.

ఆ ఎత్తును మీరు లేపిన చోటు నుంచి కొలుస్తుంది. గుట్ట కింద నుంచి లేపి గుట్ట మీదికి పంపితే, మీరు పెట్టిన 50 మీటర్లు మీ కాళ్ల దగ్గర నుంచి లెక్క, గుట్ట కొన నుంచి కాదు. హోమ్‌కు ఇరవై మీటర్ల లోపు ఉన్నప్పుడు నొక్కితే అసలు ఎక్కదు, ఉన్న ఎత్తులోనే వచ్చేస్తుంది. మీకూ దానికీ మధ్య వేపచెట్టు ఉంటే కొమ్మల్లో ఇరుక్కుంటుంది.

చుట్టూ ఉన్నవాటిలో అన్నిటికన్నా ఎత్తైనదాని మీద పదిహేను, ఇరవై మీటర్లు కలిపి పెట్టుకోండి. కోకాపేట, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు ఈ లెక్క పనికిరాదు. గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగలిగే ప్రాంతంలో అయినా 400 అడుగులు, అంటే 120 మీటర్లు దాటకూడదు. నలభై, యాభై అంతస్తుల టవర్లు ఆ హద్దునే దాటిపోయి ఉన్నాయి. అక్కడ టవర్ వెనక్కి పంపకపోవడమే దారి, ఎందుకంటే వెనక్కి వెళ్లగానే సిగ్నల్ పోతుంది, ఆర్‌టీహెచ్ మొదలై నేరుగా టవర్ వైపే వస్తుంది. ఫ్లైఓవర్ కిందా, ఫంక్షన్ హాల్ పోర్టికో కిందా ఎగరేసేటప్పుడు సిగ్నల్ పోతే ఏం చేయాలన్న చోట రిటర్న్ తీసేసి ఉన్నచోటే ఆగమని పెట్టండి. లేకపోతే పైకెక్కబోయి స్లాబుకు కొట్టుకుంటుంది.

తిరిగింది, పైకెక్కింది, కానీ దగ్గరికి రావడం లేదు

ఇది అందరినీ మోసం చేసే రకం. హోమ్ పాయింట్ సరిగ్గానే ఉంటుంది, జీపీఎస్ నిండుగా ఉంటుంది, సిగ్నల్ బాగుంటుంది. డ్రోన్ ముక్కు ఇటే తిప్పి ఉంటుంది, రెక్కలు గట్టిగా తిరుగుతుంటాయి. తెర మీద డి అని చూపించే దూరం మాత్రం తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంటుంది.

కారణం గాలి. దాన్ని ఆ గాలిలోకి ఎక్కించింది ఆర్‌టీహెచ్ ఎత్తే.

ఆషాఢంలో మనకు గాలి ఎలా వీస్తుందో తెలిసిందే, పడమటి నుంచి ఆగకుండా. శంకర్‌పల్లి వైపు ఒక వెంచర్ వీడియో తీస్తుంటే నా కళ్లముందే జరిగింది. కింద గాలి పెద్దగా లేదు, ప్లాట్ల దగ్గర పాతిన జెండాలు కొంచెం కదులుతున్నాయంతే. డ్రోన్‌ను తూర్పుకు పంపారు, హాయిగా పోయింది. రిటర్న్ నొక్కారు. ఎత్తు ఎంత ఎక్కువుంటే అంత మంచిదనుకుని ఆర్‌టీహెచ్ 120 మీటర్లకు పెట్టి ఉంచారు. చుట్టుపక్కల తాటిచెట్లకన్నా ఎత్తైనది ఏదీ లేదు, 45 మీటర్లు చాలు. అది 120కి ఎక్కి, ఎదురుగాలిలో నిలిచిపోయింది. డి 610, 612, 615. రిమోట్ పట్టుకున్నవాళ్లు దానంతటదే వస్తుందని చూస్తూ ఉండిపోయారు, బ్యాటరీ శాతాలు రాలిపోతున్నాయి.

నేల దగ్గర చెట్లూ గోడలూ గాలిని ఆపుతాయి, పైకి పోయేకొద్దీ వేగం పెరుగుతుంది. మినీ 2 సెకనుకు 8.5 నుంచి 10.5 మీటర్ల గాలిని తట్టుకుంటుందని కంపెనీ చెప్తుంది. తట్టుకోవడం అంటే కొట్టుకుపోకుండా నిలబడటం. ఎదురెక్కి రావడం వేరే సంగతి. సాధారణ మోడ్‌లో దాని గరిష్ఠ వేగమే సెకనుకు 10 మీటర్లు. గాలివాటున కిలోమీటరు దూరం రెండు నిమిషాల్లోపే పోతుంది. వచ్చేటప్పుడు గాలి మింగేయగా సెకనుకు 2 మీటర్లే మిగిలితే అదే కిలోమీటరుకు 8 నిమిషాలు పైన పడుతుంది. బ్యాటరీ తక్కువైనప్పుడు వచ్చే హెచ్చరిక అంత గాలిని లెక్కలోకి తీసుకుంటుందని నమ్మకం పెట్టుకోవద్దు.

అలా ఆగిపోయినప్పుడు ఇలా చేయండి. రిమోట్ మీద పాజ్ బటన్ నొక్కి ఆర్‌టీహెచ్ ఆపేయండి. ఈ బటన్ ఎక్కడుందో వేళ్లకు అలవాటై ఉండాలి, ఆ నిమిషంలో వెతుక్కునే టైం ఉండదు. దారిలో అడ్డేమీ లేదని తెలిస్తే 40 మీటర్ల దాకా దించండి. స్పోర్ట్ మోడ్‌లోకి మార్చండి, అందులో సెకనుకు 16 మీటర్ల దాకా వెళ్తుంది. ముక్కు మీ వైపు ఉంచి స్టిక్ పూర్తిగా ముందుకు తోయండి. డి తగ్గుతోందా? అలాగే తెచ్చుకోండి. ఇంకా పెరుగుతోందా? పోరాడకండి. బ్యాటరీ ఇరవై శాతం ఉండగానే ఖాళీ పొలం చూసి మీరే దించండి. మరీ అడుగంటితే తనే దిగడం మొదలుపెడుతుంది, దాన్ని రద్దు చేయడం కుదరదు, స్టిక్‌తో పక్కకు జరపడం వరకే మీ చేతిలో ఉంటుంది. ఆ సమయానికి కింద చెరువు ఉంటే ఇక చెప్పేదేముంది. దిగాక యాప్‌లో ఫైండ్ మై డ్రోన్ తెరిస్తే చివరిగా ఎక్కడుందో చూపిస్తుంది.

అసలు అక్కడిదాకా రాకుండా ఉండాలంటే లేపగానే ఆర్‌టీహెచ్ ఎత్తుకు తీసుకెళ్లి, గాలికి ఎదురు తిప్పి, స్టిక్ పూర్తిగా తోసి వేగం చూడండి. సెకనుకు 5 మీటర్లు కూడా రాకపోతే ఆ ఎత్తు ఆ రోజుకు పనికిరాదు, తగ్గించండి. షూట్ గాలికి ఎదురుగా మొదలుపెట్టండి. ఆషాఢంలో అయితే ముందు పడమర వైపు వెళ్లండి, అలసిపోయిన బ్యాటరీతో తిరిగి వచ్చేటప్పుడు గాలే మోసుకొస్తుంది. ఎత్తు మాత్రం చోటు మారిన ప్రతిసారీ మార్చాలి. నిన్న అపార్ట్‌మెంట్ల మధ్య పెట్టిన 100 ఇవాళ పొలాల్లో ఎందుకు?

మిగతావి

దిక్సూచి పాడైతే డ్రోన్ గుండ్రంగా తిరుగుతూ వస్తుంది. ఇనుప చువ్వలున్న స్లాబు మీద నుంచో, కారు బానెట్ మీద నుంచో లేపినప్పుడే ఎక్కువగా అవుతుంది, పక్కన మట్టి మీద పెట్టి క్యాలిబ్రేట్ చేస్తే సరిపోతుంది. ఫర్మ్‌వేర్, అంటే డ్రోన్ లోపలి సాఫ్ట్‌వేర్ వల్ల రిటర్న్ చెడిపోయిందనే మాట తరచూ వింటాను, నా చేతికి వచ్చినవాటిలో అది దాదాపు లేదు. రిమోట్ మీద బటన్ పనిచేయకపోతే యాప్‌లో ఉన్నది నొక్కండి, అదీ పనిచేయకపోతేనే రిపేరుకు తీసుకురండి.