బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకోవాలా? ముందు ఒక నెల అలా ఉండి చూడండి

బేరియాట్రిక్ సర్జరీ, అంటే బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసే ఆపరేషన్, దాని గురించి నన్ను అడిగేవాళ్లందరికీ మొదట ఒకటే చెప్తాను. ఆపరేషన్ అయినవాళ్లు ఎలా తింటారో, ఎలా తాగుతారో కనుక్కుని, డేటు తీసుకోకముందే ఒక నెలపాటు ఇంట్లో అలాగే ఉండి చూడండి. చేయించుకోవాలా వద్దా అన్నది ఆ నెలలో తేలినంత స్పష్టంగా ఏ వీడియో చూసినా తేలదు.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా కుర్చీలోనే. షుగర్, బీపీ ఉండేవి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా కూడా ఉండేది. మా ఆయన రాత్రుళ్లు భయపడి నన్ను తట్టి లేపేవారు. 104 కేజీలు ఉన్నప్పుడు హైదరాబాద్‌లో గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నాను. ఇప్పుడు 74 దగ్గర నిలబడింది. సన్నబడ్డానని అనను. కానీ రాత్రంతా నిద్రపోతున్నాను, ఇన్సులిన్ వేసుకోవాల్సిన అవసరం పోయింది.

లెక్క దగ్గర మొదలుపెట్టండి

బరువును కేజీల్లో, ఎత్తును మీటర్లలో తీసుకుని, బరువును ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. నా ఎత్తు 1.57 మీటర్లు. 104ని 1.57తో రెండుసార్లు భాగిస్తే 42 చిల్లర. మనవాళ్లకు తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుని షుగర్ వస్తుంది. అందుకే ఆసియావాళ్లకు ఆపరేషన్ సూచించే గీత కాస్త కింద గీశారు. మన దగ్గర చాలాకాలంగా పాటిస్తున్నది ఇది: వేరే జబ్బులేమీ లేకపోతే 37.5, షుగర్, బీపీ, స్లీప్ ఆప్నియా లాంటివి ఉంటే 32.5. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు దాన్ని ఇంకా తగ్గించి, ఆసియావాళ్లలో 27.5 దాటినవాళ్లకు కూడా సర్జరీ సూచించవచ్చన్నాయి.

ఇన్సూరెన్స్ లెక్క మాత్రం వేరు. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన నిబంధన ప్రకారం 18 ఏళ్లు నిండాలి, బీఎంఐ 40 ఉండాలి. లేదంటే 35 ఉండి, దానితోపాటు అదుపులో లేని టైప్ 2 షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, గుండె జబ్బు లాంటివి ఉండాలి. మామూలు పద్ధతుల్లో బరువు తగ్గించే ప్రయత్నం చేసి ఫలించలేదని కూడా కనపడాలి. అంటే డాక్టర్ సర్జరీకి సరిపోతారన్న మనిషికి కూడా పాలసీ డబ్బు ఇవ్వకపోవచ్చు. కాబట్టి పాత డైటీషియన్ చీటీలు, షుగర్ రిపోర్టులు, బరువు రాసిన ప్రిస్క్రిప్షన్లు తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టండి. పాలసీలో ఈ సర్జరీకి వెయిటింగ్ పీరియడ్ ఎన్నేళ్లో చదవండి. హాస్పిటల్‌ను రాతపూర్వకంగా ఎస్టిమేట్ అడగండి. పొట్టను కత్తిరించి కుట్టే స్టేప్లర్ల ఖర్చు ప్యాకేజీలో కలిసి ఉందా, విడిగా వేస్తారా అన్నది తప్పక అడగండి. బిల్లులో వాటి ఖర్చు తక్కువేమీ కాదు.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి కూడా డాక్టర్‌ను సూటిగా అడగండి. టిర్జెపటైడ్, బరువు కోసం ఇచ్చే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్లు 2025లో మన దేశంలోకి వచ్చాయి. చాలామందికి బాగా పనిచేస్తున్నాయి. ఆపేస్తే ఎక్కువమందికి బరువు తిరిగి వస్తుంది. ఎన్నాళ్లు వాడాలి, నెలకు ఎంతవుతుంది, మీ ఒంటికి ఏది మేలు అన్న మూడూ తేలాకే ఆపరేషన్ మాట ఎత్తండి.

ఆ నెల ఎలా గడపాలి

ఇన్సులిన్‌గానీ షుగర్ మాత్రలుగానీ వాడుతుంటే ముందు డాక్టర్‌కు చెప్పండి. మందు అంతే ఉండి తిండి తగ్గితే షుగర్ పడిపోతుంది.

మొదటి పాఠం నీళ్లది. దగ్గు మందు సీసాతో వచ్చే చిన్న కొలత కప్పు తీసుకోండి, లేదా 30 మి.లీ. గీత ఉన్న ఏదైనా సరే. ఆపరేషన్ అయిన కొత్తలో ఆ కప్పుడు నీళ్లు పది పదిహేను నిమిషాలపాటు గుటక గుటకగా తాగాలి. గడగడా తాగడమనేది ఉండదు. అన్నంతోపాటు నీళ్లు అసలు తాగకూడదు, తిన్న అరగంట తర్వాతే. మన ఆవకాయకి, గోంగూరకి ఇదెంత కష్టమో మొదటి రోజే తెలుస్తుంది. కూరల్లో కారం తగ్గించడం ఇంట్లో అందరికీ అప్పుడే అలవాటవ్వాలి.

రెండోది నమలడం. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, మన భోజనంతో అసలు చిక్కు ఇక్కడే ఉంది. మనం పప్పు, నెయ్యి వేసి మెత్తగా కలిపి ముద్ద చేస్తాం. ఆ ముద్దను నమలం, మింగేస్తాం. నోట్లో ఒక ముద్ద ఉండగానే చెయ్యి ఇంకో ముద్ద కలుపుతూ ఉంటుంది. ఆపరేషన్ తర్వాత అలా మింగితే అది ఛాతీ కింద అడ్డుపడి, నోరంతా నీళ్లూరి, కక్కేదాకా ఊరుకోదు. నేను ఆ నెల రోజులూ టీ స్పూన్‌తో తిన్నాను. ఒక స్పూను నోట్లో పెట్టుకుని, స్పూను ప్లేట్లో పెట్టేసి, పూర్తిగా నీళ్లయ్యేదాకా నమిలి, అప్పుడు రెండో స్పూను. ప్లేటు కూడా మార్చండి, టిఫిన్ ప్లేటు చాలు. వరుస కూడా మారుతుంది. ముందు గుడ్డు, చేప, చికెన్, పనీర్, గట్టి పప్పు. తర్వాత కూర. కడుపులో చోటు మిగిలితేనే అన్నం. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ అందాలంటారు. మన మామూలు భోజనంలో చాలామందికి అంత అందదు.

మూడోది మాత్రలు. మల్టీవిటమిన్, కాల్షియం, డి, బి12, ఐరన్ జీవితాంతం వాడాలి. ఏవి, ఎంత డోసు అన్నది రక్త పరీక్షలు చూసి చెప్తారు. ఆ నెల డాక్టర్ రాసిచ్చిన ఏదో ఒక విటమిన్ మాత్రను రోజూ ఒకే టైముకు మరవకుండా వేసుకోగలరేమో చూసుకోండి.

నాలుగోది రాత్రిపూట రాసుకోవడం. ఏం తిన్నాను అన్నది కాదు, ఎందుకు తిన్నాను అన్నది. నా పుస్తకం చూస్తే మార్చి నెల ఆఖరున, లెక్కలు ముగించే రోజుల్లో, సాయంత్రం నాలుగింటికి మిర్చి బజ్జీలు వరుసగా కనిపించాయి. ఆకలి వల్ల తిన్నవి కావు, టెన్షన్ వల్ల తిన్నవి. అలాంటివి మీ పుస్తకంలో ఎక్కువుంటే సైకాలజిస్టుకు ఆ పుస్తకమే చూపించండి. ఆపరేషన్‌కు ముందు ఆ కౌన్సెలింగ్ ఎలాగూ ఉంటుంది. చాలామంది సంతకం కోసం వెళ్లినట్టు వెళ్లి వచ్చేస్తారు, అది బాధగా ఉంటుంది. దుఃఖానికీ కోపానికీ తినే అలవాటు పొట్ట చిన్నదైనా పోదు. ఐస్‌క్రీమ్, కూల్‌డ్రింక్, మెత్తటి స్వీట్లు చిన్న పొట్టలోంచి కూడా సులువుగా జారిపోతాయి.

ఆ నెలలో ఆకలి వేస్తుంది. దానికి బెదరొద్దు. ఆపరేషన్ తర్వాత, ముఖ్యంగా మొదటి ఏడాది, చాలామందికి ఆకలి పుట్టించే హార్మోన్ల తీరే మారిపోతుంది. ఇప్పుడున్నంత ఆకలి అప్పుడు ఉండదు. చూసుకోవాల్సింది ఆకలిని కాదు, పద్ధతిని. రోజూ నడవడానికి, నమలడానికి, మాత్రలకి మీ ఇల్లు, మీ ఉద్యోగం వీలిస్తున్నాయా? వీలివ్వకపోతే ముందు వాటిని సర్దుకుని, ఆ తర్వాతే డేటు తీసుకోండి.

ఏ ఆపరేషన్, ఏ హాస్పిటల్

స్లీవ్ అనే ఆపరేషన్‌లో పొట్టలో దాదాపు ముప్పావు వంతు పైనే తీసేసి సన్నని గొట్టంలా మిగులుస్తారు. తీసింది మళ్లీ పెట్టడం కుదరదు. బైపాస్‌లో పైన చిన్న సంచి చేసి, పేగును తెచ్చి దానికి కలుపుతారు. షుగర్ బాగా ముదిరినవాళ్లకు, ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు ఉన్నవాళ్లకు సాధారణంగా బైపాస్ మేలు. స్లీవ్ తర్వాత ఆ మంట పెరగవచ్చు. మా వీధిలో ఒకావిడ స్లీవ్ చేయించుకుందని నేనూ అదే అడుగుదామని వెళ్లాను. ఎండోస్కోపీలో అన్నవాహిక కింది భాగం పుండుపడి కనిపించింది. ఆ ఫొటో నాకే చూపించి, మీకు బైపాస్ మంచిదన్నారు సర్జన్. ఎండోస్కోపీ చూడకుండానే ఫలానా ఆపరేషన్ అని తేల్చేస్తే ఇంకో డాక్టర్ దగ్గర కూడా అడగండి. బైపాస్‌కీ ఇబ్బందులున్నాయి. బొబ్బట్టు, పూతరేకు లాంటివి తింటే గుండె దడ, చెమటలు, విరేచనాలు పట్టుకోవచ్చు. నొప్పి మాత్రల్లో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివాటికి దూరంగా ఉండాలి, పుండ్లు పడతాయి.

మేం వెళ్లిన ఒక చోట, ఈ వారంలో అడ్వాన్స్ కడితే తగ్గింపు ఇస్తామన్నారు. లేచి వచ్చేశాం. ఆపరేషన్‌కు తొందరపెట్టే చోట తర్వాత మన ఫోన్ ఎత్తుతారన్న నమ్మకం నాకు కలగలేదు. హైదరాబాద్ మాకు మూడు గంటల దూరం. అందుకే నా ప్రశ్నల్లో మొదటిది, రాత్రి రెండింటికి వాంతులు మొదలైతే ఎవరికి ఫోన్ చేయాలి అని. మిగతావి ఇవి. మీరు చేసినవాటిలో కుట్ల దగ్గర లీక్ ఎంతమందికి అయింది, అయితే ఏం చేస్తారు? ఐసీయూ ఇక్కడే ఉందా? డైటీషియన్ ఏడాది తర్వాత కూడా చూస్తారా? ఆపరేషన్ అయి మూడేళ్లు దాటిన మనిషి ఎవరితోనైనా మాట్లాడిస్తారా? మూడు నెలలవాళ్లు అందరూ సంతోషంగానే ఉంటారు. బరువు మళ్లీ కాస్త పెరగడం, జుట్టు, ఐరన్ సంగతులు చెప్పగలిగేది పాతవాళ్లే. స్వీడన్‌లో 1987 నుంచి సర్జరీవాళ్లను, చేయించుకోనివాళ్లను ఏళ్లతరబడి పోల్చి చూశారు. మొదటి ఒకటి రెండేళ్లలో బాగా తగ్గి, తర్వాత కొంత పెరిగి నిలిచిందట. సర్జరీవాళ్లలో మరణాలు తక్కువగా ఉన్నాయని కూడా అందులో తేలింది. నా మనసు కుదుటపడింది ఆ రెండూ కలిపి విన్నాకే.

ఇంట్లోవాళ్లు

"తిండికి కరువు లేని ఇంట్లో పుట్టి పొట్ట కోయించుకుంటావా బిడ్డా" అని మా అమ్మ ఏడ్చింది. ఆమెతో వాదించలేదు. డైటీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను. "నా బిడ్డ పండక్కి ఏం తింటది?" అని అమ్మే అడిగింది. జవాబు విన్నాక పెసరకట్టు కాయడం నేను చేస్తానంది. వంట చేసే మనిషి ఒప్పుకోకపోతే ఈ ఆపరేషన్ నిలబడదు. బంధువులందరికీ చెప్పాల్సిన పని లేదు. ఇంట్లో ఇద్దరికి మాత్రం మందుల పేర్లతో సహా అంతా తెలిసి ఉండాలి.

పెళ్లైన అమ్మాయిలు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు గర్భం వాయిదా వేయాలి. పీసీఓడీ వల్ల నెలసరి రానివాళ్లకు బరువు తగ్గగానే గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది. కాబట్టి ఏ గర్భనిరోధక పద్ధతి వాడాలో ముందే గైనకాలజిస్టును అడగండి.

చివరి వారాలు

పరీక్షలు చాలా ఉంటాయి. మూడు నెలల షుగర్, థైరాయిడ్, కాలేయం, ఐరన్, బి12, డి, ఈసీజీ, 2డీ ఎకో, పొట్ట స్కానింగ్, అవసరమైతే స్లీప్ స్టడీ. స్లీప్ ఆప్నియాకు సీపాప్ మెషీన్ (నిద్రలో మాస్కు ద్వారా గాలి పంపేది) ఇస్తే ఆపరేషన్ ముందు నుంచే రోజూ పెట్టుకోండి, హాస్పిటల్‌కూ తీసుకెళ్లండి. సిగరెట్, గుట్కా కనీసం ఆరు వారాల ముందే మానాలి. మద్యం అలవాటున్నవాళ్లు సర్జన్‌కు దాచొద్దు. ఈ ఆపరేషన్ల తర్వాత, బైపాస్‌కైతే మరీ, అది త్వరగా ఎక్కుతుంది, వ్యసనమయ్యే ప్రమాదం పెరుగుతుంది.

వాడే మందులన్నీ కాగితం మీద రాసి మత్తు డాక్టర్ చేతికివ్వండి. రక్తం పలుచనయ్యే మాత్రలు, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు, బరువు ఇంజెక్షన్లు, గర్భనిరోధక మాత్రలు అందులో తప్పక ఉండాలి. వీటిలో కొన్నింటిని ముందే ఆపాల్సి వస్తుంది. ఎప్పుడు ఆపాలో వాళ్లే చెప్తారు, మీ అంతట మీరు ఆపొద్దు.

ఆఖరి రెండు వారాలు సాధారణంగా పిండి పదార్థాలు బాగా తగ్గించిన డైట్ ఇస్తారు. కాలేయంలో ఎడమ భాగం పొట్ట మీద పరుచుకుని ఉంటుంది. కొవ్వు పట్టి ఉబ్బి ఉంటే సర్జన్ దాన్ని పైకెత్తి పట్టుకోవడం కష్టం. ఈ డైట్‌తో అది కుంచించుకుంటుంది. నాకు ప్రొటీన్ పౌడర్, పల్చటి మజ్జిగ, గుడ్డు తెల్లసొన, సొరకాయ, దోసకాయ, చారు ఇచ్చారు. అన్నం లేదు. మొదటి మూడు రోజులు తలనొప్పి, చిరాకు. తర్వాత సర్దుకుంది. ఆ రోజుల్లో పెళ్లిళ్లు లేకుండా చూసుకుని డేటు తీసుకోండి.

వచ్చాక తాగేవి ముందే సిద్ధం చేసుకోండి. సన్నటి జల్లెడ, మిక్సీ, కొలత కప్పులు, కారం లేని చారు పొడి. మొదట తేట నీళ్లలాంటివి, తర్వాత పెసరకట్టు, పల్చటి పాలు, మజ్జిగ, ఆ తర్వాత మెత్తగా రుబ్బినవి. గట్టి తిండికి నెల పైనే పడుతుంది. ఐరన్, కాల్షియం మాత్రల మధ్య రెండు గంటలైనా తేడా ఉండాలి. 3, 6, 12 నెలలకు, తర్వాత ఏటా రక్త పరీక్షలుంటాయి. ఆ తేదీలు ఇప్పుడే క్యాలెండర్‌లో రాయండి. మూడో నెల నుంచి జుట్టు రాలుతుంది. చాలావరకు తిరిగి వస్తుంది, ప్రొటీన్ మాత్రం మానకండి. త్వరగా బరువు తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు రావచ్చు, దానికి మాత్ర ఇస్తారేమో అడగండి.

ఇంకో కాగితం మీద పెద్ద అక్షరాలతో ఇవి రాసి ఫ్రిజ్‌కు అంటించండి: జ్వరం, నాడి నిమిషానికి 120 దాటడం, తగ్గని కడుపునొప్పి, ఆయాసం, ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టడం, నల్లటి విరేచనం, నీళ్లు కూడా నిలవని వాంతులు. కింద సర్జన్ నంబరు, దగ్గరలో రాత్రిపూట తెరిచి ఉండే హాస్పిటల్ నంబరు, కారు దొరికే మనిషి నంబరు. పైన రాసిన లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఫోన్ చేయాలని ఇంట్లోవాళ్లకు చెప్పి వెళ్లండి.