రొగోవ్‌స్కీ కాయిల్‌తో కరెంటు పల్స్ కొలత – 3వ పాఠం: చిల్లు కుండ

పోయిన పాఠంలో చుట్టిన రొగోవ్‌స్కీ కాయిల్‌ను (కరెంటు పారే తీగ చుట్టూ వలయంలా పెట్టి, ఆ తీగను తాకకుండానే కరెంటు కొలిచే తీగచుట్టను) బయటికి తీయండి. 8 మి.మీ. గొట్టం మీద మీటరుకు 2,000 చుట్ల లెక్కన 30 సెం.మీ. పొడవున 600 చుట్లు చుట్టి, తీగ చివరను గొట్టం లోపలి నుంచి వెనక్కి తెచ్చాం. అలా వెనక్కి తేకపోతే కాయిల్ మొత్తం ఒక పెద్ద చుట్టులా మారి, గదిలోని అయస్కాంత రొదనంతా పట్టుకుంటుంది. ఆ పని మిగిలి ఉంటే ముందు అది పూర్తి చేసి రండి.

ఈ కాయిల్ కరెంటును చెప్పదు, కరెంటు ఎంత వేగంగా మారుతోందో మాత్రమే చెబుతుంది. మన కొలతలకు దాని అన్యోన్య ప్రేరకత్వం (కరెంటు మారే వేగానికి కాయిల్‌లో ఎంత వోల్టేజి పుడుతుందో చెప్పే అంకె) సుమారు 0.126 మైక్రోహెన్రీ. కరెంటు 100 మైక్రోసెకన్లలో 1,000 ఆంపియర్లకు నిలకడగా పెరిగితే కొసల మధ్య 1.26 వోల్టులు వస్తాయి. కరెంటు ఆ 1,000 దగ్గరే నిలిచిపోయిందా, వోల్టేజి సున్నా! తీగలో వెయ్యి ఆంపియర్లు పారుతున్నా కాయిల్ మౌనంగా ఉంటుంది.

అందుకే ఇంటర్‌లో బట్టీపట్టిన సమాకలనం ఇక్కడ అక్కరకొస్తుంది. కాయిల్ వోల్టేజిని కుళాయి ధార అనుకోండి, మనకు కావలసింది కుండలో నీటి మట్టం. కుండ మన కెపాసిటర్. కాయిల్‌కు వరుసలో 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండుకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, కెపాసిటర్ మీద వోల్టేజిని ఆసిలోస్కోప్‌లో (వోల్టేజి మార్పును తెర మీద గీతగా చూపే పరికరంలో) చూడండి. ఈ జంటే మన ఇంటిగ్రేటర్, అంటే సమాకలనం చేసేది. దీని కాలస్థిరాంకం (కుండ ఎంత మెల్లగా నిండుతుందో, కారుతుందో చెప్పే కాలం) 1 మిల్లీసెకను. 1,000 ఆంపియర్లకు 126 మిల్లీవోల్టులు, అంటే ఆంపియరుకు 0.126 మిల్లీవోల్టు.

అయితే ఈ కుండకు చిల్లు ఉంది. నిండిన నీరు అదే రెసిస్టర్ గుండా కారిపోతూ ఉంటుంది. 100 మైక్రోసెకన్ల చదునైన పల్స్ ఇస్తే, దాని తల చదునుగా ఉండకుండా చివరికి దాదాపు 9.5 శాతం జారుతుంది. పల్స్ ఆగగానే గీత సున్నా దగ్గర ఆగకుండా అంతే మేర కిందికి దిగి, ఆపైన మెల్లగా తేరుకుంటుంది. మొదటిసారి అది చూసి కరెంటు వెనక్కి పారుతోందనుకుని, ఒక సాయంత్రమంతా సర్క్యూట్‌లో లేని తప్పు వెతికాను. పల్స్ తర్వాత గీత సున్నా కిందికి జారితే ముందుగా ఇంటిగ్రేటర్‌నే అనుమానించండి.

రెసిస్టర్‌ను పది రెట్లు పెంచితే జారుడు ఇంచుమించు పదో వంతుకు తగ్గుతుంది. కానీ సిగ్నల్ కూడా పదో వంతే మిగులుతుంది, 126 కాస్తా 12.6 అవుతుంది. ఈ పేచీని ఆప్-ఆంప్ (సిగ్నల్‌ను పెంచే చిన్న చిప్) తీరుస్తుంది. 10 కిలో ఓమ్‌లు ఇన్‌పుట్‌లో, 0.1 మైక్రోఫారడ్ ఫీడ్‌బ్యాక్‌లో పెడితే సిగ్నల్ పరిమాణం అంతే ఉంటుంది, గుర్తు మాత్రం తిరగబడుతుంది. కాయిల్ కొసలు మార్చి కలిపితే సరి.

ఆప్-ఆంప్‌కు తనదైన జబ్బు ఉంది. దాని ఇన్‌పుట్‌లో 1 మిల్లీవోల్టు ఆఫ్‌సెట్ (సిగ్నల్ లేకున్నా ఉండిపోయే చిన్న వోల్టేజి తేడా) ఉన్నా అవుట్‌పుట్ సెకనుకు 1 వోల్టు చొప్పున ఎక్కుతూ, సప్లై వోల్టేజి అంచుకు తగిలేదాకా ఆగదు. కాబట్టి చిల్లును పూర్తిగా పూడ్చకుండా, కెపాసిటర్‌కు సమాంతరంగా 1 మెగా ఓమ్ వేసి సన్నం చేస్తాం. ఇప్పుడు కారే కాలస్థిరాంకం 100 మిల్లీసెకన్లు, 1 మిల్లీవోల్టు ఆఫ్‌సెట్ 100 మిల్లీవోల్టుల దగ్గర ఆగిపోతుంది. 100 మైక్రోసెకన్ల పల్స్ జారేది 0.1 శాతమే.

ఇక పరీక్ష. 100 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను 30 వోల్టులకు ఛార్జ్ చేసి, స్విచ్ ద్వారా 1 ఓమ్ రెసిస్టర్‌లోకి వదలండి. ఆ తీగను కాయిల్ మధ్య నుంచి పదిసార్లు పోనివ్వండి, కాయిల్‌కు 30 ఆంపియర్లు 300లా కనిపిస్తాయి. ఆసిలోస్కోప్ రెండో ఛానల్‌ను ఆ 1 ఓమ్ మీద పెడితే అక్కడ వోల్టు అంటే ఆంపియరే. శిఖరం 30కి కాస్త తక్కువ రావచ్చు, తీగ ప్రేరకత్వం కొంత అడ్డుపడుతుంది. ఒకే క్షణంలో రెండు ఛానళ్లను చదివి మిల్లీవోల్టులను ఆంపియర్లతో, ఆపై పదితో భాగించండి. 0.126కు ఎంత దూరంలో ఉన్నారో రాసి ఉంచుకోండి. ఆ అంకెతోనే నాలుగో పాఠం మొదలవుతుంది.

కెపాసిటర్‌ను ముట్టుకునే ముందు మీటరుతో చూసి, రెసిస్టర్ ద్వారా ఖాళీ చేయండి. ఇప్పుడు 30 వోల్టులే, కానీ ఈ అలవాటు 300 వోల్టుల పాఠానికి ముందే చేతికి రావాలి.