క్యాంపర్ ట్రైలర్ లోపల ఫిటింగ్ చేస్తున్నారా, గోడలు మూసేముందు ఇవి చూసుకోండి

సొంతంగా క్యాంపర్ ట్రైలర్ (బండి వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లు లాంటిది) లోపల బెడ్డు, కిచెను, కప్‌బోర్డులు కట్టుకోవాలనుకునేవాళ్ళు మొట్టమొదట అడిగేది ఏ లామినేట్ బాగుంటుంది, లైట్లు ఎక్కడ పెట్టాలి అని. అవి ఎప్పుడైనా మార్చుకోవచ్చండి. మార్చడం కష్టమయ్యేవి ప్యానెల్ వెనకాల ఉండిపోయేవి, అంటే వైరింగు, గ్యాస్ పైపు, వేడి చలి ఆపే ఇన్సులేషను, ఇంకా బరువు ఎటు పడుతుందనే లెక్క. ప్లైవుడ్ కొట్టేశాక వాటి జోలికి వెళ్ళాలంటే మొత్తం పీకాల్సిందే.

లోపలికి ఎక్కేముందు ఒక సంగతి. బండికి తగిలించకుండా విడిగా నిలబెట్టిన ట్రైలర్ ముందు జాకీ మీద, మధ్యలో చక్రాల మీద ఆనుకుని ఉంటుంది, వెనక కింద ఏ సపోర్టూ ఉండదు. సింగిల్ యాక్సిల్ (రెండు చక్రాలకి ఒకే ఇరుసు) ఉన్న దాంట్లో ఇద్దరు మనుషులు ఒక షీటు పట్టుకుని వెనక్కి నడిచినా చాలు, ముందు భాగం పైకి లేచిపోవచ్చు. చక్రాలకి రెండు వైపులా అడ్డు పెట్టి, వెనక మూలల్లో స్టాండ్లు దించాకే ఎక్కండి.

ఇక బరువు. ఇంటి ఫర్నిచర్ చేసిన అలవాటుతో అన్నిటికీ 18 ఎంఎం ప్లై వాడేస్తారు, ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కటే దాదాపు 30 కిలోలు ఉంటుంది, అదే 9 ఎంఎం అయితే అందులో సగం. కప్‌బోర్డు పక్కలకి, తలుపులకి 9 ఎంఎం వేసి మూలల్లో సన్నని చెక్క రీపర్లు ఇస్తే సరిపోతుంది. నీళ్ళు లీటరుకి ఒక కిలో, అంటే 100 లీటర్ల ట్యాంకు నిండితే 100 కిలోలు, ఈ లెక్క చాలామంది వేసుకోరు. ఛాసిస్ ప్లేటు మీద రాసిన గరిష్ఠ బరువులోంచి ఖాళీ ట్రైలర్ బరువు తీసేస్తే మిగిలిందే మీ చేతిలో ఉన్నది, కలప, బ్యాటరీ, నీళ్ళు, సామాను, బట్టలు అన్నీ అందులోనే రావాలి. బరువైనవి యాక్సిల్ దగ్గర, వీలైనంత కింద పెట్టండి, కుడి ఎడమలు కూడా సమంగా చూసుకోండి. ట్యాంకు, బ్యాటరీ రెండూ వెనక మూలకి తోసేస్తే హిచ్ (ట్రైలర్‌ని బండికి తగిలించే చోటు) మీద బరువు తగ్గిపోయి స్పీడులో ట్రైలర్ తోక అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది, అది ఒకసారి పెద్దదైతే ముందున్న బండిని కూడా లాగేస్తుంది. ట్రావెల్ ట్రైలర్లకి మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలని సాధారణంగా చెప్తారు, కానీ మీ బండికి, హిచ్‌కి కంపెనీ ఇచ్చిన లిమిట్ ఎంతుందో అదే ఫైనల్. ఫ్రేములు నిలబెట్టాక ఒకసారి వేబ్రిడ్జికి తీసుకెళ్ళి తూకం వేయించండి, అప్పటికి ఇంకా మార్చుకునే అవకాశం ఉంటుంది.

ఫ్లోర్‌లో స్క్రూ దించేముందు కింద పడుకుని టార్చి వేసి చూడండి, బ్రేక్ లైను, లైట్ల వైరు, ట్యాంకు ఎక్కడెక్కడ ఉన్నాయో కొలిచి పైన పెన్సిల్‌తో గీసుకోండి. స్క్రూ మొన కొంచెం బయటికొచ్చి వైరుని తాకుతూ ఉంటే ఆ రోజేమీ కాదు, కొన్నాళ్ళు ఊగాక వైరు మీది తొడుగు చిరిగి షార్ట్ అవుతుంది. లోహంలో వేసిన ప్రతి రంధ్రం అంచుకీ ప్రైమర్ పూయండి, రాలిన ఇనప రజను తుడిచేయండి, లేకపోతే అక్కడే తుప్పు మొదలు.

కరెంటు విషయంలో మాత్రం నేను ఎవరితోనూ రాజీపడను. 12 వోల్టులే కదా షాక్ కొట్టదు అనుకుంటారు, నిజమే, కానీ నిప్పు అంటుకోవడానికి 12 వోల్టులు చాలు. 2000 వాట్ల ఇన్వర్టర్ 230 వోల్టుల వైపు 9 ఆంపియర్లు కూడా ఇవ్వదు, అదే పవర్ 12 వోల్టుల బ్యాటరీ నుంచి రావాలంటే 167 ఆంపియర్లు, లాసులు కలిపితే ఇంకా ఎక్కువ. అందుకే అక్కడ వేలు లావు కేబుల్ కావాలి, సన్నది వేస్తే ప్యానెల్ వెనకాలే కాలిపోతుంది. మెయిన్ ఫ్యూజు బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరంలోపే ఉండాలి, ఎందుకంటే ఫ్యూజు కాపాడేది దాని తర్వాత ఉన్న వైరునే, ముందున్న ముక్కకి ఏ రక్షణా లేదు. ఇళ్ళలో వాడే ఒంటి తీగ వైరు వద్దు, అది ఊగి ఊగి విరుగుతుంది, సన్న తీగలు కలిపి చేసిన ఫ్లెక్సిబుల్ వైరే వాడి చివర్లకి లగ్గులు (లోహపు కొసలు) నొక్కి బిగించి క్రింప్ చేయండి. వైరు లోహపు రంధ్రంలోంచి వెళ్ళే ప్రతిచోటా అంచు కోయకుండా రబ్బరు గ్రోమెట్ (రింగు) వేయండి. పని చేసేటప్పుడు ఉంగరం, వాచీ తీసేయండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ చేయకూడదు, చలి ప్రాంతాలకి తిరిగేవాళ్ళు దాన్ని లోపలి వైపే పెట్టుకోండి. లెడ్ యాసిడ్ అయితే ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, దాని పెట్టెకి బయటికి గాలి దారి తప్పనిసరి.

ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే ఫ్లోర్ మీదే పేరుకుంటుంది. సిలిండర్ పెట్టే అర లోపలి వైపు పూర్తిగా సీలై ఉండాలి, అడుగున బయటికి తెరుచుకునే రంధ్రం ఉండాలి, దాన్ని చలి వస్తోందనో దుమ్ము వస్తోందనో ఎప్పుడూ మూయకండి. జాయింట్లన్నీ సబ్బు నీళ్ళతో చూడాలి, బుడగ వస్తే ఆ జాయింట్ విప్పి మళ్ళీ చేయాల్సిందే. గ్యాస్ అలారం ఫ్లోర్ దగ్గర, కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకునే చోటికి దగ్గర్లో. స్టవ్ వెలిగించి చలి కాచుకోవడం అస్సలు చేయొద్దు. ఇంకోటి, మంచానికీ డోర్‌కీ మధ్యలో స్టవ్ వస్తున్న ప్లాన్ అయితే మంచం వైపు మనిషి దూరగలిగేంత కిటికీ పెట్టాకే గోడ కట్టండి.

రాత్రంతా ఇద్దరు పడుకుంటే ఊపిరిలోంచి వచ్చే తేమే చల్లటి రేకు మీద నీళ్ళై కారుతుంది. ఇన్సులేషన్‌కీ రేకుకీ మధ్య ఖాళీ వదిలితే అక్కడే బూజు. గ్లాస్ ఊల్ తేమ పట్టుకుని కిందికి జారుతుంది, గట్టి ఫోమ్ బోర్డులే నయం, వాటితో పాటు పైన ఒక వెంట్ ఫ్యాన్. స్ప్రే ఫోమ్ కొట్టించుకునేవాళ్ళు అందులో ఐసోసయనేట్లు అనే, ఊపిరితిత్తులకి హాని చేసే రసాయనాలు ఉంటాయని గుర్తుంచుకోండి, మామూలు గుడ్డ మాస్కు దానికి పనికిరాదు.

పని జరుగుతున్నప్పుడు జిగురు ఆవిరి నిండిన ఆ ఇరుకు పెట్టెలో గ్రైండర్ ఆన్ చేయకండి. చెక్కకి లిన్‌సీడ్ ఆయిల్ పూసిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, బయట విడదీసి పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళు పోసిన మూతున్న డబ్బాలో వేయండి.

అన్నీ అయ్యాక ప్యానెల్స్ బిగించకుండానే సామాను వేసి, నీళ్ళు నింపి, గ్యాస్ కట్టేసి ఒకసారి గతుకుల రోడ్డు మీద తిప్పుకు రండి. వచ్చాక ఏ స్క్రూ వదులైంది, ఏ డ్రాయర్ లాక్ విడిపోయి తెరుచుకుంది, ఏ వైరు దేనికి రాసుకుంటోంది, ఏ పైపు జాయింట్ కింద తడిగా ఉంది అని ఒక్కొక్కటీ చేత్తో పట్టి చూడండి. నైలాక్ నట్లు (ఊపుకి వదులుకాని నట్లు), జిగురు ఎక్కడ కావాలో అప్పుడే తెలుస్తుంది. అవి సరిచేశాక ప్రతి గోడకీ కొలత టేపు ఆనించి, లోపల ఏది ఎక్కడుందో తర్వాత తెలిసేలా ఫోటోలు తీసి పెట్టుకుని, అప్పుడు మూసేయండి.