గుప్పెడు మట్టిలోని నల్లులను చూసే విధానం

ఆరుద్ర కార్తెలో వాన వెలిసిన తరువాత చేనిగట్ల మీద, ఎర్రని మఖమలు గుడ్డతో కుట్టినట్టుండి మెల్లగా నడిచే ఆరుద్ర పురుగును చూడని పల్లెవాసులు అరుదు. పేరుకు పురుగే గాని అది కీటకం కాదు, ఎనిమిది కాళ్ల నల్లి (ఇంగ్లీషులో మైట్. మంచాల్లో దూరి కుట్టే నల్లి వేరు). మిరప ఆకులను ముడిపించే తెల్లనల్లి దాని దూరపు చుట్టం. సాలీడు, తేలు అంతకంటే దూరపు చుట్టాలు. పిల్ల దశలో అది ఆరు కాళ్లతో కీటకాలను పట్టుకుని వాటి రసం పీలుస్తుంది, పెద్దదయ్యాక మట్టిలోని చిన్న జీవులను, కీటకాల గుడ్లను తింటుంది. నేలలో ఉండే నల్లులలో మన కంటికి సులువుగా ఆనేది ఇదొక్కటే. మిగిలినవి చాలావరకు ఒక మిల్లీమీటరు పొడవు కూడా ఉండవు కాబట్టి మట్టి తవ్వి వెతికితే దొరకవు. వాటంతట అవే బయటికి నడిచి వచ్చే ఏర్పాటు చేయాలి.

ఆ ఏర్పాటును 1905లో ఇటలీకి చెందిన ఆంటోనియో బెర్లీజ్ వేడినీటితో చేయగా, 1918లో స్వీడన్‌కు చెందిన ఆల్బర్ట్ టుల్‌గ్రెన్ వేడినీటికి బదులు విద్యుద్దీపాన్ని పెట్టాడు. గరాటులో జల్లెడ మీద ఉంచిన మట్టి పైనుంచి ఎండుతూ వస్తుంటే, తేమను వెతుక్కుంటూ, వేడికీ వెలుతురుకూ దూరంగా జీవులు కిందికి దిగి, చివరకు గరాటు కింది సీసాలో పడతాయి.

ఇంట్లో దీనికి రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా చాలు. పైనుంచి మూడో వంతు దగ్గర కోసి, ఆ పై ముక్కను మూత తీసి తలకిందులుగా కింది ముక్కలో దించితే గరాటు సిద్ధమవుతుంది. అందులో సుమారు రెండు మిల్లీమీటర్ల కన్నాలున్న జాలీ ముక్కను అమర్చి, అడుగున చిన్న గిన్నెలో ఒక అంగుళం ఎత్తున సర్జికల్ స్పిరిట్ పోయాలి. జీవులను బతికి ఉండగా చూడాలనుకుంటే స్పిరిట్‌కు బదులు తడిపిన దూది పరిస్తే సరిపోతుంది. పైన వేలాడదీసే దీపం 25 వాట్ల పాత గుండు బల్బే కావాలి, ఎల్‌ఈడీ బల్బుకు మట్టిని ఎండబెట్టేంత వేడి ఉండదు. స్పిరిట్ మండే ద్రవం, సీసా కరిగే ప్లాస్టిక్కు. అందుచేత బల్బును మట్టికి జానెడు ఎత్తున గట్టిగా కట్టాలి, కదలనివ్వకూడదు.

మట్టి సేకరణలో చూపే శ్రద్ధ మీదే ఫలితం ఆధారపడి ఉంటుంది. నల్లులు, కొలెంబోలాలు (తోక కొట్టి దూకే ఆరు కాళ్ల చిన్న జీవులు) ఎక్కువగా పై ఐదు సెంటీమీటర్లలోనే ఉంటాయి కనుక, ఐదు సెంటీమీటర్ల వెడల్పున్న పైపు ముక్కను అంతే లోతు దించి, మట్టిని చెదరకుండా తీయాలి. దాని మీది రాలిన ఆకులను వేరే సంచిలో వేసుకోవాలి, ఎందుకంటే ఆకుల్లో తిరిగే జీవులూ మట్టి రంధ్రాల్లో ఉండేవీ ఒకటి కావు. మండువేసవిలో తీసిన చల్కనేల మట్టిలో పెద్దగా ఏమీ దొరకదు. మంచి వాన కురిసిన వారం పది రోజులకు తీయడం మేలు. తెచ్చిన మట్టిని గరాటులో తలకిందులుగా, అంటే పైభాగం కిందికి వచ్చేటట్టు పెడితే, పైపొరలో ఉండే జీవులకు దిగవలసిన దూరం తగ్గుతుంది. నల్లరేగడి అయితే ఎండుతూ ఇటుకలా బిగుసుకుని జీవులను లోపలే బంధిస్తుంది కాబట్టి, దాన్ని ముందే చేత్తో ఉసిరికాయంత ముక్కలుగా విడదీయాలి, పొడి చేయకూడదు.

ఇక్కడ తొందరపాటు పనికిరాదు. నేను మొదటిసారి 60 వాట్ల బల్బు పెట్టి, తెల్లవారేసరికి పని అయిపోతుందనుకున్నాను. పొద్దున గిన్నెలో నాలుగు చీమలు తప్ప ఏమీ లేవు. మెల్లగా నడిచే నల్లులు దారిలోనే ఎండి చచ్చిపోయి ఉంటాయి. మొదటి రోజు బల్బు లేకుండా వదిలి, తరువాత చిన్న బల్బు వెలిగించి, మట్టి పూర్తిగా ఎండేదాకా ఐదారు రోజులు ఆగడమే సరైన పద్ధతి.

పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం కింద గిన్నెను పెట్టి, జాతుల పేర్ల కోసం తాపత్రయపడకుండా ముందు కాళ్లు లెక్కపెట్టాలి. ఎనిమిది కాళ్లుండి, సాలీడుకున్నట్టు సన్నని నడుము లేకుండా ఒంటి ముద్దగా ఉంటే అది నల్లి. ఆరు కాళ్లే ఉన్నా మీసాలు లేకపోతే నల్లి పిల్ల కావచ్చు. ఆరు కాళ్లు, మీసాలు ఉండి, పొట్ట కింద మడిచిన చీలిన తోక ఉంటే కొలెంబోలా. నీటి మీద పడినా మునగకుండా నిలబడి, ఆ తోకను కొట్టి ఎగిరి దూకుతుంది. తెల్లగా, పన్నెండు జతల కాళ్లతో చిన్న జెర్రిలా ఉండేది సింఫైలా. కొండి లేని తేలులా పటకారులు చాచి కనిపించేది మిథ్యాతేలు, దాని వల్ల మనకు ఏ హానీ లేదు.

నల్లులలో నల్లగా, గోధుమరంగుగా, నువ్వుగింజలో పదోవంతు ఉన్నట్టు మెరిసేవి ఒరిబాటిడ్‌లు. వీటిలో ఒక రకాన్ని బతికి ఉండగా తడి కుంచెతో ముట్టుకుంటే కాళ్లన్నీ లోపలికి లాక్కుని, తలను కుంకుమ భరిణె మూతలా దించి, గుండ్రని గింజలా మారిపోతుంది. రెండు నిమిషాలు ఆగితే మూత సందులోంచి ఒక కాలు బయటికి వస్తుంది. ఇవి బూజును, కుళ్లే ఆకులను తింటాయి. ఆకును నిజంగా కుళ్లబెట్టేవి బూజులు, బాక్టీరియాలే అయినా, ఆకును ముక్కలు చేసి, బూజు బీజాలను ఒంటి మీద మోసుకెళ్లి ఆ పనిని వేగిరపరచేవి ఈ జీవులు. లేత గోధుమరంగులో చదునుగా ఉండి వేగంగా పరుగెత్తేవి మీసోస్టిగ్మాటా నల్లులు, ఇవి ఎక్కువగా వేటగాళ్లు. నులిపురుగులను, కొలెంబోలాలను తింటాయి. నల్లి అనగానే మందు కొట్టాలనుకునే అలవాటు మనకు ఉంది గాని, మట్టిలోని నల్లులలో పంటను తినేవి కొద్దే.

లెక్క తేలిక. పైపు మూతి వైశాల్యం సుమారు 20 చదరపు సెంటీమీటర్లు, అంటే చదరపు మీటరులో ఐదువందలో వంతు. గిన్నెలో 30 నల్లులు దొరికితే చదరపు మీటరుకు 15,000 ఉన్నట్టు అంచనా. ఒక్క నమూనాతో ఏమీ తేల్చకూడదు, ఒక్కో చోట కనీసం ఐదు తీయాలి. కానుగ చెట్టు కింద ఐదు, పక్కనే తరచుగా దున్నే చేలో ఐదు తీసి పోల్చితే, చేలో ఒరిబాటిడ్‌లు బాగా తగ్గి కనిపించడం సాధారణం. అవి నెమ్మదిగా ఎదిగి, తక్కువ గుడ్లు పెట్టే జీవులు కనుక, ఒకసారి నేల తిరగబడితే మళ్లీ పుంజుకోవడానికి చాలా కాలం పడుతుంది.

దాచుకునే సీసాలో చోటు, తేదీ, లోతు రాసిన కాగితం ముక్కను వేయాలి, అదీ పెన్సిలుతో రాసి. పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది.