పొద్దున్నే నోటి వాసన: ఎక్కడినుంచి వస్తోందో పట్టుకుని సరిచేయడం

నిద్ర లేవగానే నోరు పాచిగా ఉండటం అందరికీ ఉన్నదే. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది. పగలంతా నోటిని కడిగే ఆ ఊట తగ్గేసరికి, గాలి సోకని మూలల్లోని బ్యాక్టీరియా మిగిలిన తిండి తునకలను, రాలిన కణాలను కుళ్ళబెట్టి గంధకపు వాయువులు వదులుతుంది. కుళ్ళిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. పళ్ళు తోముకుని, టిఫిన్ తిన్నాక ఇది పోవాలి. పోకపోయినా, పది గంటలకల్లా తిరిగి వచ్చినా కారణం వెతకాలి. చాలామంది కడుపులో వేడి అనుకుని గ్యాస్ మాత్రలు మింగుతుంటారు. ఎక్కువ మందిలో కారణం కడుపులో ఉండదు, నోట్లోనే ఉంటుంది.

ముందుగా ఎక్కడుందో తేల్చండి

లేచాక నీళ్ళు కూడా తాగకముందే స్పూను బోర్లించి నాలుక వెనక భాగాన్ని మెల్లగా గీకి, కొన్ని సెకన్లు ఆగి వాసన చూడండి. తర్వాత ఫ్లాస్ దారాన్ని దవడ పళ్ళ సందుల్లోకి దూర్చి తీసి చూడండి. చివరగా నోరు మూసుకుని ముక్కుతో గాలి వదిలి, ఇంట్లోవాళ్ళను వాసన చూడమనండి. మన వాసనకు మన ముక్కు అలవాటు పడిపోతుంది కాబట్టి ఇది సొంతంగా తేలదు. స్పూను కంపు కొడితే నాలుక, దారం కొడితే పళ్ళ సందులు, చిగుళ్ళు. ముక్కు గాలిలోనే వాసన ఉంటే ముక్కు, సైనస్.

నాలుక మీద తెల్లగానో పసుపుగానో పూత

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. నాలుక బద్ద వాడుతున్నా పోవడం లేదంటే ముందు సగమే గీస్తున్నారని అర్థం. పూత చేరేది వెనక, పెద్ద బుడిపెలు మొదలయ్యే చోట.

నాలుకను బాగా బయటికి చాపి, జారకుండా కొసను శుభ్రమైన గుడ్డతో పట్టుకోండి. ఊపిరి వదులుతూ బద్దను వీలైనంత వెనక ఆనించి, బరువు వేయకుండా ముందుకు లాగండి. ప్రతిసారీ బద్దను కడుగుతూ నాలుగైదు సార్లు చాలు. మొదటిసారి చిక్కటి జిగురు వస్తుంది, నాలుగోసారికి దాదాపు నీళ్ళే వస్తాయి. రక్తపు చార కనిపిస్తే ఒత్తిడి ఎక్కువైనట్టు. బద్ద అంచును వేలితో తడిమి చూడండి, గరుకు తగిలితే మార్చేయండి.

గొంతులోకి వేళ్ళు పెట్టి వాక్‌మంటూ కక్కే అలవాటు మన ఇళ్ళల్లో చాలా ఉంది. దానివల్ల పూత పోదు సరికదా, కడుపులోని ఆమ్లం పైకి వచ్చి గొంతును మండిస్తుంది, పళ్ళ ఎనామిల్‌ను తింటుంది. ఈ అలవాటు మానాల్సిందే.

ఈ పని పొద్దున ఒక్కపూటే చేస్తే సగమే ఫలితం. రాత్రి పెరుగన్నం తిని నోరు పుక్కిలించి పడుకుంటే, బ్యాక్టీరియాకు ఏడెనిమిది గంటల మేత వదిలినట్టే. పడుకోబోయే ముందు బఠానీ గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో రెండు నిమిషాలు తోమి, నాలుక గీసుకోండి. ఆ తర్వాత మంచినీళ్ళు తప్ప ఇంకేమీ వద్దు, పాలు కూడా.

తోముతుంటే రక్తం, దారానికి కంపు

పంటికీ చిగురుకూ మధ్య పాచి చేరి, గట్టిపడి గార అవుతుంది. గారను బ్రష్ తీయలేదు, డెంటిస్టు స్కేలింగ్ చేసి తీయాలి. స్కేలింగ్‌తో పళ్ళు వదులవుతాయన్న భయం వదిలేయండి. వదులు చేసేది గారే. అది ఊడాక అప్పటికే ఉన్న కదలిక బయటపడుతుంది, అంతే. రక్తం వస్తోందని తోమడం ఆపితే వాపు పెరుగుతుంది. మెత్తటి బ్రష్‌ను చిగురు అంచుకు 45 డిగ్రీల కోణంలో ఆనించి చిన్న చిన్న కదలికలతో తోమండి, రోజుకోసారి దారం వాడండి. రెండు వారాలైనా రక్తం ఆగకపోతే డెంటిస్టుకు చూపించండి. ఒకే సందులో తిండి ఇరుక్కుంటుంటే అక్కడ పిప్పి పన్ను ఉండొచ్చు.

క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి. ఎక్కువకాలం వాడితే పళ్ళకు గోధుమరంగు మరకలు పడతాయి, రుచి మారుతుంది. పేస్టుతో తోమిన వెంటనే పోసుకుంటే మౌత్‌వాష్ బలం తగ్గుతుంది, అరగంట ఆగండి. లవంగం, ఏలక్కాయ వాసనను కాసేపు కప్పుతాయి, కారణాన్ని తాకవు.

నోరు పిడచకట్టుకుపోవడం, దిండు మీద చొల్లు మరక

నోటితో ఊపిరి పీలుస్తున్నట్టు. ముక్కు దిబ్బడ, దుమ్ము అలర్జీ ఉన్నాయేమో చూడండి. మరిగించి చల్లార్చిన 250 మి.లీ. నీళ్ళలో పావు టీస్పూను ఉప్పు కలిపి, రాత్రి ముక్కు కడుక్కుంటే హాయిగా ఉంటుంది. కుళాయి నీళ్ళు నేరుగా వాడకూడదు. గురకతోపాటు పగలు కునుకులు వస్తుంటే ఈఎన్‌టీ డాక్టరును కలవండి. జలుబుకు వాడే కొన్ని అలర్జీ మాత్రలు, కొన్ని బీపీ, డిప్రెషన్ మందులు కూడా నోటిని ఎండగడతాయి. సొంతంగా ఆపకండి, మార్చవచ్చేమో డాక్టరును అడగండి. సిగరెట్, చుట్ట, ఖైనీ, గుట్కా ఉన్నంతకాలం పై చిట్కాలేవీ నిలవవు.

గొంతులోంచి జొన్నగింజంత ముక్కలు

టాన్సిల్ గుంటల్లో గట్టిపడిన పూత అది, నలిపితే భరించలేని కంపు. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర టీస్పూను ఉప్పు వేసి పుక్కిలించండి. పిన్నీసులు, పుల్లలతో గుచ్చకండి. మాటిమాటికీ వస్తే ఈఎన్‌టీకి చూపించండి.

కట్టుడు పళ్ళు

రాత్రి తీసి, బ్రష్‌తో సబ్బు నీళ్ళలో తోమి, చన్నీళ్ళలో ఉంచండి. వేడినీళ్ళలో వేస్తే వంకరపోతాయి.

పళ్ళు, నాలుక శుభ్రంగా ఉన్నా వాసన

రాత్రి పచ్చి ఉల్లి, వెల్లుల్లి కారం తిన్నారా? వాటి గంధకం రక్తంలో కలిసి ఊపిరితిత్తుల ద్వారా వస్తుంది, తోమినా పోదు, కొన్ని గంటలు ఓర్చుకోవాలి. ఉపవాసం ఉన్నప్పుడు కొవ్వు కరిగి పండిన పండులాంటి అసిటోన్ వాసన రావచ్చు, తింటే పోతుంది. షుగర్ ఉన్నవాళ్ళకు అదే వాసన వాంతులు, ఆయాసంతో కలిసి వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. చిన్నపిల్లలకు ఒక్క ముక్కురంధ్రం నుంచే కంపుకొట్టే చీమిడి కారుతుంటే లోపల పల్లీగింజో గుండీయో ఇరుక్కుని ఉండొచ్చు. మీరు తీయబోతే ఇంకా లోపలికి పోతుంది, ఆ రోజే ఈఎన్‌టీకి చూపించండి.